తాళాలాయన తీసిన బ్యాకప్

వీధిలో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. బస్సు డిపోలో విడిభాగాల స్టోరుకి కీపరుగా పనిచేసినన్నాళ్ళూ నడుముకి తాళాల గుత్తి వేలాడదీసుకుని తిరిగాడు. ఉద్యోగం అయిపోయి, గుత్తి డిపోవాళ్ళకి అప్పజెప్పి చాలా ఏళ్ళయినా పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. కంగారు పుడితే చాలు, ఇప్పటికీ కుడిచెయ్యి నడుము మీదికి పోతుంది. అక్కడ గుత్తి లేదని గుర్తుకొచ్చాక, ఎవరైనా చూశారేమోనని చొక్కా సర్దుకుంటాడు.

స్టోరులో ఆయనదొక పద్ధతి. ప్రతి వస్తువుకీ ఒక చోటు, ఆ చోటుకొక చీటీ. బ్రేకు లైనర్లు ఏ అరలో ఉన్నాయో, హెడ్‌లైటు బల్బులు ఏ మూలనో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ పద్ధతంతా వచ్చి ఇంటి మీద పడింది. పంచదార డబ్బా మీద పంచదార అని చీటీ. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని చీటీ. అక్కడితో ఆగినా బాగుండేది. హాల్లో ఒక సొరుగుకి ‘ఏ తాళానివో తెలియని చెవులు’ అని రాసి అంటించాడు. అవెందుకండీ, పారేద్దాం అంటే, “రేపు ఆ తాళం కనబడితేనో?” అంటాడు. దానికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు?

ఆయన ఉత్తరమైతే భార్య దక్షిణం. ఆవిడ కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికిన రోజులున్నాయి. కానీ ఆవిడ ఓపిక ముందు భూదేవి కూడా బలాదూరే. చెవులు వినబడక మాటలు రాని పిల్లలకి, వినికిడి మిషను పెట్టించాక మాటలు నేర్పడం ఆవిడ పని. పిల్లలకి ఆవిడ మాటల టీచరు. ఇంటి ముందుగదిలో ఒక పెద్ద అద్దం, దాని ముందు పిల్లలు కూర్చునే పొట్టి కుర్చీ, పక్కన డబ్బా నిండా పక్షి ఈకలు. పెదవుల ముందు ఈక పెట్టి పలికిస్తే గాలి ఎంత వస్తోందో పిల్లలకే తెలుస్తుంది. ఒక్క మాట కోసం నెలల తరబడి కూర్చునేది. ఆ మాట వచ్చిన రోజున దాన్ని రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో దాచేది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, పై చదువుకో ఉద్యోగానికో ఊరు దాటి వెళ్ళే ముందు వస్తే, ఎవరి తొలిమాట వాళ్ళకి వినిపించి, చేతికిస్తుంది. మొదట్లోనే తల్లిదండ్రులకి చెప్పి ఉంచుతుంది ఆ సంగతి.

తాళాలాయనకీ ఒక తొలిమాట ఉంది. ఉద్యోగంలో ఉండగానే ఒకరోజు స్టోరులో కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆ అద్దం ముందే కూర్చోబెట్టి, ఈకలు ఊదించి, భార్యే ఆయనకి మళ్ళీ మాటలు నేర్పింది. “మాట పోయిన మనిషికి మొట్టమొదట నోట ఏమొచ్చిందనుకున్నారు? మా ఆవిడ పేరండీ!” అని పాలు పోసేవాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఎవరినీ వదలకుండా చెప్పాడు. ఆ రోజులు ఆయనకి సరిగా గుర్తులేవు, ఆవిడ చెప్పిన మాటే అది. ఆయన ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా ఆవిడ తల దించుకుని నవ్వుకునేది. సిగ్గు కాబోలనుకుని ఆయన మరింత మురిసిపోయేవాడు.

తర్వాత మాటలన్నీ వచ్చాయి గానీ, ఆవిడ పేరు మధ్యలో ఉన్న ఒత్తు దగ్గర మాత్రం నాలుక ఇప్పటికీ తడబడుతుంది. అందుకే ‘ఏమోయ్’ అని సరిపెట్టుకుంటున్నాడు. అప్పుడు అంత సులువుగా వచ్చిన పేరు ఇప్పుడెందుకు రాదో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. నచ్చిన సంగతిని ఎవరు మాత్రం తవ్వి చూసుకుంటారు?

ఇక ఆ ల్యాప్‌టాప్ సంగతి. దాని మూత కీలు విరిగితే రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తున్నారు. ఫ్యాను తిరిగితే పిండిమిల్లు పెట్టినట్టు గోల. ఆ మధ్య తెర మీద పచ్చగీతలు కూడా మొదలయ్యాయి. పాతది తీసుకుని కొత్తది ఇస్తామని సందు చివరి కంప్యూటర్ షాపువాళ్ళన్నారు. ఆదివారం నాడు మాటల టీచరు దగ్గరికి ఒక అమ్మాయి రావలసి ఉంది. నర్సు చదువుకి వేరే ఊరు వెళ్తోంది. చిన్నప్పుడు ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట ‘వద్దు’. అది కావాలని ఫోను మీద ఫోను చేస్తోంది. ఆలోగా కొత్తది వచ్చేస్తే మంచిదనుకున్నారు.

“బ్యాకప్ సంగతి నాకొదిలెయ్. గుండుసూది కూడా పోదు” అన్నాడు తాళాలాయన.

“అన్నీ రావాలండీ. మొత్తం.”

“నేను స్టోరు కీపర్నోయ్!”

మాట నిలబెట్టుకునేవాడే. ఫొటోలు, ఇంటి కాగితాలు, కరెంటు బిల్లులు, పాత వాల్‌పేపర్లతో సహా వరసగా హార్డ్ డిస్కులోకి ఎక్కించాడు. పని పూర్తయిందనుకుంటుండగా తెర మూల నిండి కూర్చున్న రీసైకిల్ బిన్ కనిపించింది. డిపోలో స్టోరు ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మార్చేటప్పుడు ఆయన మొదట తుక్కంతా తూకానికి వేయించేవాడు. కొత్త షెడ్డులోకి తుక్కు మోసుకెళ్ళడం ఆయన దృష్టిలో మహాపరాధం. ఖాళీ చెయ్యమని నొక్కాడు. శాశ్వతంగా పోతాయి, సరేనా అని యంత్రం పాపం అడిగింది కూడా. అవునని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

పాతది షాపులో ఇచ్చి, కొత్తది తెచ్చి, సామానంతా అందులో సర్దిపెట్టి, మెప్పు కోసం భార్య పక్కనే నిలబడ్డాడు. ఆవిడ ఫొటోలు చూడలేదు, కాగితాలు చూడలేదు. సరాసరి వెళ్ళి బిన్ తెరిచింది.

“ఏవండీ, ఇందులో ఏమీ లేవేంటి?”

“చెత్తబుట్టలో చెత్త లేకపోతే కంగారెందుకోయ్?”

“చెత్తేంటండీ! నా పిల్లలంతా అందులోనే ఉన్నారు.”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. చిన్నప్పుడు అన్నదమ్ములకి దొరక్కుండా ఆవిడ చాక్లెట్లు కాగితాల చెత్తబుట్టలో దాచుకునేదట. ఈ ఇంట్లో అన్నదమ్ములు లేరు, సర్దే మొగుడున్నాడు. ఆవిడ ఫైళ్ళని ‘ధ్వనులు’, ‘ధ్వనులు, మిగతావి’, ‘మిగతావాటిలో మిగతావి’ అని ఆయన సర్దిపెడితే, ఆ తర్వాత ఆవిడకి ఒక్కటీ దొరికేది కాదు. చెత్తబుట్టలో మాత్రం ఆయన చెయ్యి పెట్టడని, పిల్లల గొంతులన్నీ తెచ్చి అందులో పెట్టుకుంది.

తాళాలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. చెయ్యి నడుము మీదికి పోయింది.

“నేనే ఖాళీ చేశాను” అన్నాడు చివరికి.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళి అద్దం ముందు పొట్టి కుర్చీలో కూర్చుంది. “ఆదివారం ఆ పిల్లకి ఏం చెప్పను?” అని మాత్రం, ఆయన్ని కాదు, అద్దాన్ని అడిగింది. ఆయన ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఆవిడ చెప్పు వేసుకుని, అదీ గమనించుకోకుండా షాపుకి పరుగెత్తాడు.

షాపులో రిపేర్లు చేసే అమ్మాయి పాత ల్యాప్‌టాప్ అడుగు విప్పుకుని కూర్చుని ఉంది.

“ఆగు తల్లీ! దాన్ని తుడిచేశావా?”

“ఇంకా లేదు బాబాయ్‌గారూ. ఏమైంది?”

ఆయన రొప్పుతూనే చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. రోజూ ఇలాంటివాళ్ళని చూసే మనిషి.

“బిన్ ఖాళీ చేస్తే చీటీ ఒక్కటే చిరిగిపోతుంది బాబాయ్‌గారూ. సరుకు అరలోనే ఉంటుంది, మనం దాని మీద కొత్త సరుకు పెట్టేదాకా. ఇది పాతకాలం డిస్కు, అది మన అదృష్టం. తీసి చూస్తాను. కానీ పేర్లు రావు. అంకెలు వేసుకుని వస్తాయి.”

ఇంతకంటే బాగా ఆయనకి ఎవరూ చెప్పలేరు. చీటీ లేని సరుకు! జన్మలో ఆయన చూడకూడదనుకున్నది అదే. అయినా దండం పెట్టినంత పనిచేసి, ఆ పని అయ్యేదాకా స్టూలు మీంచి లేవలేదు. ఎవరో వచ్చి మౌసు అడిగితే ఆ బల్ల దగ్గరికి రానివ్వకుండా అడ్డం కూర్చున్నాడు.

చాలావరకు వచ్చాయి. మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆవిడ వినాలి, ఆయన పేరు రాయాలి. సగం మాట కూడా అవసరం లేదు ఆవిడకి, ఊపిరి తీసుకున్న తీరు వింటే చాలు. “వీడు ముందుపళ్ళు ఊడినవాడు”, “ఇది మా అల్లరిది, ఈక మింగబోయింది” అంటూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కొన్ని గరగర తప్ప ఇంకేమీ పలకలేదు. అలాంటిది వచ్చినప్పుడల్లా ఆయన అపరాధిలా పెన్ను కింద పెట్టేసేవాడు. “పోనివ్వండి, ఉన్నవి చూద్దాం” అనేది ఆవిడ. నర్సు పిల్ల ‘వద్దు’ దొరికింది. ఎంత ఖచ్చితంగా అందో, ఇద్దరూ పగలబడి నవ్వారు. తాళాలాయన గుండెల మీంచి బండ దిగింది.

ఇంకొకటి మిగిలింది. తెరవగానే కుర్చీ కిర్రుమంది. తర్వాత బరువుగా, మూలుగులాగా ఒక మగ గొంతు.

“పెద్దవాళ్ళు కూడా వచ్చేవారా నీ దగ్గరికి?” అన్నాడాయన.

“అది కాదండీ, ఆపెయ్యండి” అని ఆవిడ చెయ్యి చాపేలోపే ఆవిడ పాత గొంతు వినబడింది.

“నన్ను చూడండి. నేనెవర్ని? నా పేరు చెప్పండి.”

చాలాసేపు ఊపిరి చప్పుడే. ఆ తర్వాత, “తా...”

“ఆఁ! చెప్పండి, చెప్పండి.”

“తా... తాళం.”

ఆ రికార్డులోనే ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వు నవ్వుగానే ఏడుపైంది. “వేశారండీ. స్టోరుకి తాళం వేసే ఉంది, నేను చూసొచ్చాను. మీరు బెంగపడకండి.”

కొత్త ల్యాప్‌టాప్‌కి ఫ్యాను గోల లేదు.

“ఇన్నేళ్ళూ ఊరంతా డప్పు కొట్టుకున్నాను కదే!” అన్నాడు తాళాలాయన.

“కొట్టుకుంటే ఏం పోయింది? వినడానికి బాగుండేది.”

“మరి నాకైనా నిజం చెప్పొద్దూ?”

“మీకు మాట రావడమే నాకు కావలసింది, ఏ మాటైతేనేం? తర్వాతెప్పుడో మీరు అడిగారు. మీ మొహం చూస్తే తాళం అని చెప్పబుద్ధి కాలేదు, నా పేరేనన్నాను. మీరు కనబడ్డవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంటే ఎలా ఆపను? ఇది మీ కంటపడకూడదనే మొదట బిన్‌లో వేసింది. పిల్లలు ఆ తర్వాతే చేరారు.”

ఆయన పెన్ను తీసుకుని, ‘తాళాలాయన, తాళం’ అని ఉన్నదున్నట్టు రాశాడు. తప్పు చీటీ ఆయన ఎప్పుడూ అంటించలేదు. రాసి, లేచి వెళ్ళి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా ఆ పొట్టి కుర్చీలో కూర్చున్నాడు.

“రికార్డు నొక్కు” అన్నాడు.

“ఎందుకండీ?”

“నొక్కవోయ్.”

ఆవిడ పేరు పలకబోయాడు. ఒత్తు దగ్గర నాలుక అడ్డం తిరిగింది. ఇంకోసారి పలికాడు, మళ్ళీ అక్కడే. ఆవిడ మాట్లాడకుండా డబ్బాలోంచి ఒక ఈక తీసి ఆయన పెదవుల ముందు పట్టుకుంది.

“తొందరేం లేదు. నాలుక పైకి. గాలి వదలండి, ఈక కదలాలి.”

ఈక కదలలేదు. కదలలేదు. ఆయన నుదుట చెమట పట్టింది. ఆవిడ ఈక దించలేదు. అలా ఎన్నిసార్లయిందో గానీ, చివరికి ఈక ఒక్కసారి ఊగింది, ఆవిడ పేరు మొత్తంగా వచ్చింది. కాస్త వంకరగానే వచ్చింది, కానీ ఒత్తుతో సహా వచ్చింది. శభాష్ అనడానికి మాటల టీచరుకి నోట మాట రాలేదు.

తాళాలాయన ఆ రికార్డుకి రెండు కాపీలు తీశాడు. ఒకదానికి పేరు రాసి ఫోల్డరులో పెట్టాడు. రెండోదాన్ని చెత్తబుట్టలో పడేశాడు, ఆవిడకి వెతుక్కోకుండా దొరుకుతుందని.