పడవలో నిద్రపోయినవాడు

అది 1987, చలికాలం. ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ళ ఆస్పత్రిలో సర్జికల్ వార్డుకి, అంటే కోతలూ కుట్లూ పడినవాళ్ళుండే వార్డుకి, నేను స్టాఫ్ నర్సుని. ఆ రోజుల్లో పొద్దున పూట పొగమంచు కిటికీల దాకా వచ్చి నిలబడేది. యార్డు కనిపించేది కాదు. షంటింగ్ ఇంజన్ల కూత మాత్రం ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించేది. ఆ మంచులో రిక్షా ఎక్కి డ్యూటీకి వస్తుంటే, నేనింకా లేవలేదేమో, ఇదంతా కలేమో అనిపించేది. ఆ ఊళ్ళోనే ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లో పుట్టి, తెలుగు చర్చిలో పాడుతూ పెరిగినదాన్ని. భక్తి ఉంది, దానికి సరిపడా నోరూ ఉంది.

గౌరినాయుడు బాబాయ్‌ని ఆ మంచురోజుల్లోనే మా వార్డుకి తెచ్చారు. ఆయన కేబిన్‌మేన్. కేబిన్ అంటే పట్టాల పక్కన మేడమీద గది, అందులో వరసగా లీవర్లుంటాయి. బండి వస్తోందని గంట కొడతారు. లీవరు లాగితే పట్టా మారుతుంది, సిగ్నల్ వాలుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న కాలంలో వచ్చి ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అనే పేటలో స్థిరపడిన కుటుంబం. షుగరున్న మనిషి పాదం మీద పుండుని లెక్కచెయ్యకుండా ఆ లీవర్ల ముందు నిలబడి నిలబడి గాంగ్రీన్ తెచ్చుకున్నాడు. రక్తం అందక మాంసం చచ్చిపోవడాన్ని గాంగ్రీన్ అంటాం. అది పైకి పాకుతూ పోతుంది. మోకాలి కింద కాలు తీసేస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు.

మామూలుగా కాలు పోతుందంటే జనం ఏడుస్తారు. ఈయన ధోరణే వేరు.

“కాలు తీసీండి. పోతే పోనీ. మత్తు మాత్రం ఒద్దు. మెలుకువుండగానే కొయ్యండి.”

మా బెంగాలీ డాక్టరు తల పట్టుకున్నాడు. వెన్నులో ఇచ్చే ఇంజక్షన్ ఈయనకి కుదరదు. జనరల్ అనెస్థీషియా, అంటే మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే మత్తే ఇవ్వాలి. “మీ తెలుగు ఆద్మీ కదా సిస్టర్, నువ్వే సమ్‌ఝావో, నచ్చజెప్పు,” అని నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయాడు.

“ఏం బాబాయ్, నిద్రంటే అంత భయమా?” అని అడిగాను.

“బయం కాదు సిస్టరమ్మా. రిలీవరు రాకుండా నేనెప్పుడూ కేబిను దిగనేదు. ఒక వానాకాలం ఆడు రానేకపోతే ఆడి డ్యూటీ కూడా నేనే సేసినాను. సార్జి ఎవులికీ ఇవ్వకుండా కన్ను మూసీడవేటి? ఎవుడు సూస్తాడు?”

రిలీవరంటే మన తర్వాత డ్యూటీకి వచ్చేవాడు. ఏ లైన్లో ఏముందో అతనికి నోటితో ఒప్పజెప్పి ‘ఛార్జి ఇచ్చాను’ అనాలి. అతను ‘తీసుకున్నాను’ అన్నాకే మెట్లు దిగాలి. అది వాళ్ళ పద్ధతి.

“ఇంటికాడా ఇంతేనమ్మా,” అంది ఆయన భార్య పైడమ్మ పిన్ని, కళ్ళొత్తుకుంటూ. “కునుకు పట్టీసరికి ఉలిక్కిపడి నెగుస్తాడు. గంట కొట్టినారేటే అంటాడు. ఏ గంటా ఉండదు.”

ఆయనకి కాస్త ధైర్యం చెబుదామని, నాకు చిన్నప్పటినుంచీ ఇష్టమైన కథ ఎత్తుకున్నాను. ఏసయ్య శిష్యులతో పడవ ఎక్కాడు. తుఫాను లేచింది. పడవలోకి నీళ్ళొస్తున్నాయి. ఆయన వెనక తలగడ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. వాళ్ళు భయపడి...

“ఆగమ్మా,” అని బాబాయ్ మోచేతుల మీద లేచాడు. “తుపానులో పడుకున్నాడా?”

“అవును. కానీ లేచి గాలిని గద్దిస్తే...”

“నేపితే ఎవుడైనా నెగుస్తాడు! ముందు నిద్దరేటి? జనం పానాలు ఈడి సేతిలో ఉంటే పడుకుంటాడా? మా ఇన్‌స్పెక్టరు సూస్తే అక్కడికక్కడే సార్జిసీటు ఇచ్చీస్తాడు!”

వార్డంతా ఘొల్లున నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా రక్షకుడికి ఛార్జిషీటా! గబగబా ఆయన దుప్పటి సర్ది, మొహం మాడ్చుకుని అక్కణ్ణుంచి వచ్చేశాను.

ఆ వారమంతా ఒక సిస్టరు సెలవులో ఉండి నాకు డబుల్ డ్యూటీలు పడుతున్నాయి. ఆ రోజు ఇంటికి పోతూ రిక్షాలో కునుకు తీశాను. మంచూ, కూతలూ, చక్రం చప్పుడూ అన్నీ కలిసిపోయి నేనే ఏదో పడవలో ఊగుతున్నట్టుంది. ఆ మగతలో ఏసయ్య కనిపించాడు. మా ఇంటి గోడమీద పటంలోలా వెలుగుతూ కాదు. రోజంతా ఒడ్డున జనానికి చెప్పి చెప్పి గొంతు పోయి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఒరిగిపోయిన మనిషిలా. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఏసయ్యకి కూడా నడుం నొప్పి పుట్టి ఉంటుందని నాకు మొదటిసారి తోచింది, చెప్పలేనంత జాలి వేసింది. ఇన్నేళ్ళూ గాలిని ఆపినవాణ్ణే ప్రేమించాను. నిద్రపోయినవాణ్ణి దాటేసి పోయాను.

మర్నాడు బాబాయ్‌కి జ్వరం ఎక్కువైంది. ఈరోజు కాకపోతే ఇక చెయ్యడానికేమీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. పైడమ్మ పిన్ని మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడింది. నేను వెళ్ళి బాబాయ్ పక్కన కూర్చున్నాను.

“బాబాయ్, నిన్న నువ్వు నాకు మొత్తం చెప్పనివ్వలేదు. ఆయన డ్యూటీలో పడుకోలేదు. పొద్దున్నుంచీ చేసి చేసి ఒళ్ళు హూనమైపోతే, ఛార్జి వాళ్ళ నాన్నకి ఇచ్చి పడుకున్నాడు. పైన ఆయన చూస్తున్నాడని నమ్మకం. అందుకే అంత గాలిలోనూ నిద్రపట్టింది.”

బాబాయ్ నా వైపు తిరిగాడు.

“రిలీవరున్నాడని నిన్ననే సెప్పొచ్చు కదేటమ్మా!” అని విసుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “మరి నాకెవులు?” అన్నాడు.

ఏసయ్యే అని చెప్పాలి. మా పాస్టరుగారైతే అదే చెప్పి ఉండేవారు. కానీ ఆ మనిషికి ఆ ఘడియలో ‘తీసుకున్నాను’ అని చెప్పే నోరు ఒకటి ఎదురుగా కావాలి.

“నేను,” అన్నాను. “నువ్వు లేచేదాకా కన్ను మూయను.”

మేట్రన్‌ని బతిమాలుకుని ఆపరేషన్ థియేటర్లోకి నేనే వెంట వెళ్ళాను. మత్తు డాక్టరు సూది పట్టుకుని నిలబడ్డాడు. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని, కేబిన్లో నిలబడినంత నిటారు గొంతుతో మొదలుపెట్టాడు.

“అప్ లైను కిలీరు. డౌన్ లైను కిలీరు. పైడమ్మ బయట బల్ల మీదున్నాది, టీ కూడా తాగనేదు. కుడికాలు ఎల్లిపోతన్నాది. సార్జి ఇచ్చినాను.”

“తీసుకున్నాను బాబాయ్.”

మందు ఎక్కింది. ఆయన మొహంలో ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. అంత హాయిగా నిద్రలోకి జారిన మనిషిని నేను ఆ థియేటర్లో మళ్ళీ చూడలేదు. కళ్ళనిండా నీళ్ళతోనే పని చేశాను.

మధ్యాహ్నం వార్డులో కళ్ళు తెరిచాడు. “సిస్టరమ్మా, ఉన్నావా?” అన్నాడు. ఉన్నానన్నాను. దుప్పటి కింద ఖాళీగా ఉన్న చోటు కేసి చూసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పిన్ని ఆయన తల నిమురుతూ కూర్చుంది. అప్పటికి నా డ్యూటీ అయిపోయింది. కాసేపు కూర్చుని వెళ్దామని స్టూలు లాక్కుని, మంచం అంచుమీద చెయ్యి పెట్టి, దానిమీద తల పెట్టాను. అంతే తెలుసు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో మళ్ళీ మంచు. లైట్లు వేసేశారు. నా భుజాలమీద పైడమ్మ పిన్ని శాలువా ఉంది. కంగారుగా లేస్తే ఆవిడ నవ్వింది. సాయంత్రం డ్యూటీ సిస్టరు నన్ను లేపబోయిందట. నొప్పితో పళ్ళు బిగించుకుని పడుకున్న బాబాయ్ వేలు ఎత్తి ఆపాడట.

“నేపొద్దు. డ్యూటీ దిగీసింది, అలిసిపోయి పడుకున్నాది. నేను సూస్తన్నాను కదా.”

బాబాయ్ మతం మారలేదు, నేను మార్చబోనూ లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే వార్డులో పనిచేశాను. విశ్వాసం అంటే ఆపదలో ఏసయ్యని తట్టి లేపడమే అనుకునేదాన్ని, చిన్న తలనొప్పికి కూడా లేపేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ప్రార్థనకి కూర్చుంటే ముందు ఆ పడవ గుర్తొస్తుంది. అందులో అంతమంది ఉన్నారు. ఒక్కడైనా మా నాయుడు బాబాయ్‌లా వేలెత్తి, ‘అలిసిపోయాడు, లేపకండి’ అని ఉంటే ఆయన ప్రాణం ఎంత కుదుటపడేదో!