పేరు, ఊరు, ఎవరి తాలూకు

మా ఆయన మునిచంద్రకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. సంతలో పచ్చిమిరపకాయ కొన్నా తుంచి వాసన చూడందే సంచిలో వేయడు. అలాంటి మనిషి రెండువేల ఏడులో పుంగనూరు బస్టాండు పక్కన నెట్ సెంటర్ పెట్టి, ‘మన పుంగనూరు’ అని ఆన్‌లైన్ గ్రూపు ఒకటి మొదలెట్టాడు. మదనపల్లె, కుప్పం వాళ్లు కూడా చేరారు.

అందులో ‘పాలచెంబు’ అనే పేరుతో ఎవరో ఇలా రాశారు: “పాల కేంద్రంలో వెన్న పరీక్ష తలుపేసుకుని యాల చేస్తారు? పోసినోళ్ల ముందర చెయ్యాల.”

ఆ పాలచెంబు నేనే. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోతే సెంటర్లో కూర్చునేది నేను. వెన్న ఎంతుందో చూసి పాలకు రేటు కట్టే ఆ కేంద్రం నడిపే బాలప్ప మా ఆయనకు మేనమామ. నా పేరు బయటపడితే మా ఆవుల పాలు ఇంక పోయించుకోడు. దగ్గర్లో వేరే కేంద్రం లేదు.

“ఆ పాలచెంబు యెవుడో తేల్చరా,” అని బాలప్ప మా ఆయన వెంటపడ్డాడు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది! వచ్చినవాళ్లందరి వెనకా నిలబడి తెర తొంగిచూసేవాడు. పాల లారీ డ్రైవరును అనుమానించాడు, లైన్‌మన్‌ను అనుమానించాడు. నన్ను మాత్రం అనుమానించలేదు. “దీనికి మౌసు పట్టుకునేదే రాదు,” అని నలుగురిలో నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరికి గ్రూపుకు నియమాలు రాశాడు. బూతులొద్దు, కులమెత్తొద్దు, అంతవరకు బాగానే ఉంది. అన్నిటికన్నా పైన మాత్రం ఇది పెట్టాడు: రాసేవాళ్లు పేరు, ఊరు, ఎవరి తాలూకో చెప్పాలి. మా వైపు గడపలోకి వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చే ముందు అడిగే మాటే అది. మర్యాదే కదా అని దాన్ని తీసుకుపోయి కంప్యూటర్లో పెట్టాడు.

పక్క వీధి రెడ్డెమ్మ, కూతురితో టైపు చేయించి, తన పేరూ మొగుడి పేరూ పెట్టి “మా పాలకూ అట్నే చేస్తాండారు” అని రాయించింది. మర్నాడే ఆమె పాలలో నీళ్లున్నాయని కేంద్రం వాళ్లు వెనక్కి పంపారు. సెంటర్‌కొచ్చి నా ముందే ఏడ్చింది.

“ఆ పాలచెంబు బాలప్ప మనిషే అయ్యుంటాడమ్మా. మాలాంటోళ్లను బయటికి లాగేదానికే రాసినాడు.”

ఆమె అటు వెళ్లగానే కూర్చుని టైపు చేశాను: “పాలచెంబు. పేరు మునిలక్ష్మి. ఊరు పుంగనూరు. ఈ గ్రూపు పెట్టిన మునిచంద్ర పెండ్లాన్ని.”

సాయంత్రం మా ఆయన అది చదివి నావైపు తిరిగాడు. “నువ్వా?”

“నేనే. మౌసు పట్టుకునేది రానిదాన్ని.”

“మామ చెవిన పడేలోపల చెరిపేద్దాం.”

“రెడ్డెమ్మ రాసింది చెరిపితే ఆమె పాలు పోయించుకుంటాడా?”

మర్నాడు మా ఆయన పొద్దున్నే పాల క్యాను తనే ఎత్తుకున్నాడు. దారిలో రెడ్డెమ్మను కూడా పిలిచాడు. కేంద్రంలో బాలప్ప క్యాను అందుకుని లోపలికి పోబోతుంటే, మా ఆయన వెళ్లి తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు.

“వెన్న ఈడనే సూడు మామా,” అన్నాడు. “నాకు అనుమానం జాస్తి అని నీకు తెల్సు కదా.”