ముల్లు ఎందుకు దిగింది

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు మాట. అప్పుడు మదనపల్లెలో ఒక కార్ల వర్క్‌షాపులో ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. మెకానిక్‌లకు పని పంచడం, చేసిన పనిని పరీక్షించి బండిని బయటికి వదలడం నా బాధ్యత. కదల్లేని బండ్లకు ఇంటి దగ్గరే పనిచేసే ఏర్పాటు కూడా మాకుండేది. దానికి మామూలుగా మెకానిక్‌నే పంపేవాళ్ళం. ఆ ఎండాకాలంలో ఒకరోజు మాత్రం మేనేజరు నన్నే వెళ్ళమన్నారు. పుంగనూరు దాటి పెద్దపంజాణి వైపు ఒక పల్లెలో రెడ్డెప్ప అనే టమోటా రైతు కారు ఇంజను ఉడికి ఆగిపోయింది. ఫోన్‌లో ఆయన బండి గురించి కంటే బావమరిది గురించే ఎక్కువ మాట్లాడాడట.

వెళ్ళేసరికి కారు ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఉంది. నేను పనిముట్లు దించుకోకముందే రెడ్డెప్ప మొదలుపెట్టాడు. బావమరిది మంజునాథ అదే ఊళ్ళో ఉంటూ ఆయనతో పొత్తుకు సేద్యం చేస్తాడు. రామకుప్పంలో పుట్టింటికి వెళ్ళిన భార్యను తీసుకురావడానికి కారు అడిగి తీసుకెళ్ళాడు. ఆమె కడుపుతో ఉంది. తిరుగుదారిలో పలమనేరు దాటాక ఇంజను ఆగింది. ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చారు.

"యేడి సూపే ముల్లు ఎర్రగీత దాటినా తోలినాడు సార్. ఇంజను కాల్సి తెచ్చి ఈడ పెట్టినాడు. అడిగితే ముల్లు ఎర్రగీతదాకా లేయనే లేదంటాడు. మీరే సెప్పండి, తోలినోడి తప్పా కాదా?"

అప్పటినుంచి మంజునాథ తోటకు రావడం మానేశాడు. కాయ పండుతూ ఉంది. రెడ్డెప్ప భార్య కమలమ్మ గడపలో నిలబడి అంతా వింటూ ఉంది. మొగుడి మాట పూర్తయ్యాక, "నేనే వాణ్ని రమ్మన్నా సార్. వాడూ ఈడనే ఉండి ఇనాల" అంది. రెడ్డెప్ప ముఖం తిప్పుకున్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ రెడ్డెప్ప మాటే సబబనిపించింది. ఇంజను ఉడికించిన డ్రైవర్లు దాదాపు అందరూ ముల్లు లేవలేదనే అంటారు.

పని మొదలుపెట్టాను. రేడియేటర్‌లో చుక్క లేదు. హోసులు చిట్లలేదు. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఒకటుంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా దాని గుండా బయటికి కారతాయి. ఆ రంధ్రం నుంచి కిందిదాకా తెల్లటి చార గట్టిపడి ఉంది. అది ఒక్క ప్రయాణంలో పట్టేది కాదు. పంపు చాలా రోజులుగా కొద్దికొద్దిగా కారుతూ ఉంది. ఆ మాట చెబితే రెడ్డెప్ప ఒప్పుకున్నాడు గానీ, "కారితే కారనీ సార్, ముల్లు సూసి నిలపాల గదా" అన్నాడు.

అంతలో మంజునాథ వచ్చాడు. బావవైపు చూడకుండా కారు పక్కన నిలబడ్డాడు. ముల్లు సంగతి అడగకుండా, ఏం జరిగిందో రామకుప్పం నుంచి వరసగా చెప్పమన్నాను.

"ముల్లు నడిమద్దెన ఉండె సార్. పలమనేరు దాటినాక కొంచిం లేసింది. యాడన్నా నిలపదామని సూస్తాండా, అంతలోకే కిందికి దిగిపాయ. బాగైందిలే అనుకున్యా. కొంచిం దూరం పోతానే మాడు వాసనొచ్చింది, బండి లాగలా. ఆడనే ఆపేసినా."

నా చేతిలో పాన ఆగిపోయింది. అబద్ధం చెప్పేవాడు ముల్లు కదల్లేదంటాడు. లేచి దిగిందనడు. అలా జరగాలంటే ఒకటే దారి. ముల్లును ఆడించే సెన్సారు నీళ్ళలో మునిగి ఉండి వాటి వేడినే చెబుతుంది. నీళ్ళన్నీ కారిపోతే అది ఖాళీలో మిగిలిపోతుంది. అప్పుడు లోపలి ఇనుము కాలిపోతున్నా ముల్లు దిగవచ్చు.

మాటలతో చెబితే మొహమాటానికి అన్నాననుకుంటారు. థర్మోస్టాట్ మార్చడానికి ఎలాగూ అది ఉన్న భాగం విప్పాలి. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి వదలకుండా మూసి ఉంచే కవాటం అది. సెన్సారు కూడా అక్కడే ఉంటుంది. దాన్ని విప్పి మళ్ళీ వైరు తగిలించాను. కమలమ్మను మరిగే నీళ్ళు అడిగాను. సంగటికి పెట్టిన ఎసరులోంచి పాత చెంబులోకి వంచి తెచ్చింది. రెడ్డెప్పను కారులో కూర్చుని తాళం తిప్పి, ముల్లు చూస్తూ ఉండమన్నాను. ఇంజను స్టార్టు చేయొద్దన్నాను.

సెన్సారును నీళ్ళలో ముంచాను. "లేస్తాండాది" అన్నాడు రెడ్డెప్ప. కొంతసేపు ఉంచి బయటికి తీశాను. చెంబులో నీళ్ళు ఇంకా పొగలు కక్కుతూనే ఉన్నాయి. ఆయన ముల్లు దగ్గరికి వంగాడు.

"ఏమైంది రెడ్డెప్పా?"

"దిగతాండాది సార్."

మళ్ళీ ముంచమన్నాడు. ముంచి తీశాను. ఈసారి అడగక్కరలేకపోయింది. ఆయన తాళం తీసేసి కిందికి దిగాడు.

అయినా అసలు పరీక్ష మిగిలే ఉంది. సిలిండర్ హెడ్ కింద సందు మూసే గ్యాస్కెట్ పోయి ఉంటే ఇంటి దగ్గర చేసేదేమీ లేదు. బండి వర్క్‌షాపుకు పోవాలి, ఇంజను తెరవాలి. అప్పుడు ముల్లు ఏం చూపినా ఈ ఇంట్లో గొడవ ఆగదు. పాత పంపు తీసి, దాని గ్యాస్కెట్ అంటుకున్న చోటంతా గీతపడకుండా గీకి శుభ్రం చేశాను. వెంట తెచ్చిన కొత్త పంపు పెట్టి బోల్టులు ఎదురెదురుగా బిగించాను. థర్మోస్టాట్, హోసులు, బెల్టు, రేడియేటర్ మూత అన్నీ కొత్తవే వేశాను. ఇళ్ళలో చాలామంది పంపు ఒక్కటి మార్చి ఊరుకుంటారు. ఒకసారి ఉడికిన బండిలో మిగతావాటిని నమ్మకూడదు. బోరునీళ్ళు కాకుండా కూలెంట్ పోసి, మూత తీసే ఉంచి ఇంజను స్టార్టు చేశాను.

రేడియేటర్ నోట్లో బుడగలు వచ్చాయి. లోపల చిక్కిన గాలి పోయేటప్పుడు అవి రావడం సహజం. కానీ ఆగకుండా వస్తే గ్యాస్కెట్ పోయినట్టే. ఆ సంగతి చెప్పాక ముగ్గురూ వచ్చి రేడియేటర్ మీదికి వంగారు. వేడి కూలెంట్ చిమ్ముతుందని వెనక్కి జరగమనాల్సి వచ్చింది. బుడగలు పలచబడ్డాయి. థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారి కిందికి జారింది. ఇంకొంచెం పోశాను. ఆ తర్వాత బుడగ రాలేదు. ఆయిల్ మూత కింద చూశాను, నూనెలో నీళ్ళు కలిసిన తెల్లటి నురగ కూడా లేదు.

"వాసన రాగానే ఆపినాడు కాబట్టి ఇంజను బతికింది" అన్నాను.

కమలమ్మ పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. రెడ్డెప్ప నా ఎదుట క్షమాపణ చెప్పలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు పారబోసి, బావమరిదితో "రేపు కోత ఉండాది. పొద్దున్నే రా" అన్నాడు.

"వస్తాలే బావా" అన్నాడు మంజునాథ.

అప్పటినుంచి ఉడికిన బండి వస్తే ముల్లు ఎంత చూపిందని అడగడం మాన్పించాను. తోలినవాణ్ని మొదటినుంచి చెప్పమనండి, మధ్యలో అడ్డురావద్దు అని నా కింది మెకానిక్‌లకు చెప్పేవాణ్ని. ఏ భాగం చెడిందో విప్పితే తెలుస్తుంది. ఎలా చెడిందో తెలియాలంటే మాత్రం తోలినవాడు చెప్పేది చివరిదాకా వినాలి.