సొంతంగా లేవడం

రోజూ ఉదయం ఆరు కాకముందే తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి నడిచి వచ్చే రిటైర్డ్ హవల్దార్ రాజలింగు ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. లేహ్ దారిలో మిలిటరీ ట్రక్కు బోల్తా పడినప్పుడు విరిగింది. ఇక కుర్చీయే గతి అని డాక్టర్లు అన్నా, ఆరు నెలలు పట్టుబట్టి నేల మీద కూర్చుని లేవడం నేర్చుకున్నాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా బూట్లకు పాలిష్ పెట్టందే గడప దాటడు. చెట్ల కింద చేరే పాతికమంది ముసలివాళ్లకు అతను ముఖ్యంగా నేర్పేది ఒక్కటే: పడితే, పక్కన ఎవరూ లేకపోయినా, సొంతంగా లేవడం.

ఆ రోజు డెబ్బై నాలుగేళ్ల సారలమ్మ వంతు. ఆమె చాప మీద కూర్చుందో లేదో, స్కూటర్ మీద దింపి వెళ్లబోతున్న కొడుకు దేవేందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది సార్ ఇది? ఈ ఉమర్‌ల అమ్మకేమన్నా అయితే ఎవరు జిమ్మేదార్?" అంటూ ఆమెను లేపబోయాడు. "ఆగు!" అన్నాడు రాజలింగు. పరేడ్ మైదానపు గొంతు అది. దేవేందర్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "మీ అమ్మను అడుగు." సారలమ్మ కొడుకు వైపు చూడలేదు. పక్కకు ఒరిగి మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు పెట్టింది. బలం చాలక కూలబడింది. ఇప్పుడు చెయ్యి అందిస్తే రేపటి నుంచి ఆమె మంచం దిగదని రాజలింగుకు తెలుసు. పిడికిళ్లు బిగించుకున్నాడే గాని కదల్లేదు. రెండోసారి ఆమె లేచి నిలబడి, కుచ్చిళ్లు సర్దుకుంది. "నేనే జిమ్మేదార్ బిడ్డా," అంది రొప్పుతూ. "జర జరుగు, గాలి రానియ్యి. ఇంకోసారి కూసుంట."