సంచుల పిన్ని డబ్బాలు

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనేవారు. పెద్ద కుట్టుపనులేవీ ఆమె దగ్గరికి వచ్చేవి కావు. ప్యాంటు అంచులు మడవడం, జిప్పులు మార్చడం, నడుములు బిగించడం, అంతే. మెట్ల కింద ఒక మిషనూ ఒక స్టూలూ పట్టేంత చోటే ఆమె కొట్టు. భర్త అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఏడు అక్కడ షిఫ్టులు తగ్గించారు. ఇంట్లో తినే నోళ్లు మాత్రం తగ్గలేదు. అత్తగారు, స్కూలుకెళ్లే కూతురు, తామిద్దరు. అద్దె తగ్గించమంటే ఇంటివాడు వినడు, ఫీజు తగ్గించమంటే స్కూలు వినదు. చెబితే వినేది వంటిల్లొక్కటే. అందుకని ఆమె వంటింటి మీద పడింది.

కోసి ప్యాకెట్లలో పెట్టి అమ్మే కూరలు మానేసింది. బయటి రొట్టెలు మాన్పించి, తనే పిండి కలపడం మొదలుపెట్టింది. ఖాళీ కడుపుతో దుకాణానికి వెళితే కళ్లు కనబడ్డదల్లా కొంటాయని, తిన్నాకే బయల్దేరేది. సాయంత్రం మార్కెట్టు కట్టేసే వేళకు వెళ్లి, అమ్ముడుపోక మిగిలినవాటిని గుట్టల లెక్కన తెచ్చేది.

అక్కడే ఆమెకు పోటీ తగిలింది. పక్క వీధి చివరింట్లో ఉండే ముసలావిడ. పాత కర్టెన్లతో కుట్టిన సంచులు రెండు భుజాలకూ వేలాడుతుండేవి. మార్కెట్టంతా ఆవిడను సంచుల పిన్ని అనేది. ఆవిడ బేరమాడేది కాదు. మెత్తబడిన టమాటాలను ఒక పక్కకు జరిపి, ఏమీ అనకుండా అమ్మేవాడి మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆ చూపుకు తట్టుకోలేక వాళ్లే దిగొచ్చేవారు. టైలరమ్మ ఎంత పెందలాడే వెళ్లినా మంచి గుట్ట దగ్గర ఆ రెండు సంచులూ ముందే ఉండేవి. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం ఇద్దరి చేతులూ ఒకే గుమ్మడి ముక్క మీద పడ్డాయి. ముసలావిడ తన చెయ్యి తియ్యలేదు. టైలరమ్మే తీసేసుకుంది. ఆ వేళ్ల చల్లదనం ఇంటికొచ్చాక కూడా తన చేతిని అంటుకునే ఉన్నట్టు అనిపించింది.

చలికాలం మొదట్లో ఆ సంచులు కనబడటం మానేశాయి.

"పోయిందమ్మా. పొయ్యి ముందు నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయిందట" అన్నాడు ఉల్లిపాయలవాడు.

ఆ సాయంత్రం మంచి గుట్ట మొత్తం టైలరమ్మకే దక్కింది. దక్కినందుకు మనసులో సంతోషం మాత్రం పుట్టలేదు.

కొన్నాళ్లకు ఆ చివరింటి గేటుకు ఒక అట్టముక్క వేలాడింది. సామాను అమ్మబడును అని. ఏదైనా చవగ్గా దొరుకుతుందేమోనని టైలరమ్మ లోపలికి వెళ్లింది. పిన్ని భర్త రిటైరైన బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు కూర్చున్నట్టే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. వీధిలో అందరికీ డ్రైవరు బాబాయ్.

వంటింట్లో గోడ పొడుగునా రేకు డబ్బాలు. మూత తీసి చూస్తే శనగలు, ఎండు చిక్కుడు గింజలు, ఎండబెట్టిన టమాటా ముక్కలు, నారింజ తొక్కలు, వేయించి కొట్టిన పొడులు. కింద జాడీలో ఉప్పులో ఊరిన నిమ్మకాయలు. ఏదీ పారేసిన మనిషి కాదు. ప్రతి డబ్బాలోనూ కొలుచుకోవడానికి ఒక చిన్న గరిటె.

"అన్నీ పట్టుకుపో అమ్మాయ్. ఖాళీ డబ్బాల ధర ఇస్తే చాలు" అన్నాడు ముసలాయన. "వాటిని చూస్తూ ఈ ఇంట్లో ఉండలేను. నాకు టీ పెట్టుకోవడం కూడా రాదు."

"పిల్లలెవరూ లేరా బాబాయ్ గారూ?"

"లేరు. మేమిద్దరమే."

ఇద్దరికి అన్ని డబ్బాలా అని ఆమెకు అనిపించింది. డబ్బాల ధర ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికి తెచ్చాక అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. "చచ్చినావిడ తిండి మనమెందుకే తినడం? కందకు లేని దురద కత్తిపీటకని, వాళ్ల సామానుతో మనకేం పని?"

"చచ్చింది ఆవిడ, శనగలు కాదు అత్తయ్యా" అంది కోడలు. అనేసింది గానీ ఆ రాత్రి డబ్బాల వైపు వీపు పెట్టి నిలబడటం ఆమెకే చేతకాలేదు.

మర్నాడు చిక్కుడు గింజలు నానబెట్టి వండింది. టమాటా ముక్కలు వేసింది. ఒక పొడిలో చెయ్యి ముంచి, వాసన చూసి చల్లింది. అది ఏమిటో ఆమెకు తెలియదు. భర్త ఒక ముద్ద తిని ఆగాడు. మళ్లీ పెట్టించుకున్నాడు.

"పొరుగింటి పుల్లకూర రుచెక్కువ అంటారు, నిజమే సుమా!" అని నవ్వాడు. తిననని భీష్మించిన అత్తగారు కూడా మూకుడులో మిగిలింది రొట్టెతో తుడుచుకుని తింది.

ఆ నెల సరుకుల ఖర్చు సగానికి పడిపోయింది. తర్వాతి నెల ఇంకా తగ్గింది. డబ్బాలే ఆమెకు నేర్పాయి. అడుగున పలచగా పరిచిన ఎండు నారింజ తొక్కలు ఎందుకో మొదట అర్థం కాలేదు. గింజలు పురుగు పట్టకుండా ఉన్నాయని చూశాక అర్థమైంది. మనిషికి ఒక గరిటె చొప్పున వేస్తే ఎవరికీ తక్కువ కాలేదు, గిన్నెలో మిగల్లేదు. ఇదివరకు తన అమ్మ నేర్పిన వంటను ఆమె చేతి అంచనాతోనే వండేది. ఇప్పుడు చెయ్యి దానంతటదే గరిటె కోసం వెతికేది.

ఒకరోజు కూతురు అడిగింది. "అమ్మా, ఎందుకలా తడతావు?"

"ఏం తట్టాను?"

"డబ్బా తీసేముందు. రెండుసార్లు. రోజూ తడతావు."

ఆమె తన చేతిని చూసుకుంది. వేళ్ల కణుపులు ఇంకా మూత మీదే ఉన్నాయి. ఆ అలవాటు ఎప్పుడొచ్చిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. మానెయ్యాలని ఆ పూట చేతులు కట్టుకుని నిలబడింది. తట్టకుండా తీయబోతే డబ్బా మూత ఎందుకో ఊడిరాలేదు.

మార్కెట్టులో ఆమె బేరమాడటం కూడా మానేసింది. మెత్తవి పక్కకు జరిపి, ఊరికే నిలబడేది. ఒక సాయంత్రం ఉల్లిపాయలవాడు తలెత్తకుండానే, "తీసుకో పిన్నీ, నీ ఇష్టమొచ్చినంత ఇవ్వు" అన్నాడు. తలెత్తి చూసి నాలుక కరుచుకున్నాడు. టైలరమ్మ ఉల్లిపాయలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ రాత్రి పట్టుబట్టి, డబ్బాలేవీ ముట్టుకోకుండా, అమ్మ వండినట్టు బంగాళాదుంపల కూర వండింది. అమ్మ పోయి ఎన్నో ఏళ్లయినా ఆ వాసన వస్తే పక్కనే ఉన్నట్టుండేది. ఎంతసేపు కలిపినా ఆ వాసన రాలేదు. మరొకరి వంటింటి వాసన వచ్చింది. కూర బాగుందని అందరూ అంటుంటే, ఆమె మెతుకు కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాతే డ్రైవరు బాబాయ్ కొట్టుకు వచ్చాడు, ప్యాంటు నడుము బిగించమని. పదిహేను రోజులు తిరక్కుండా మళ్లీ వచ్చాడు, ఇంకాస్త బిగించమని. మూడోసారి వచ్చినప్పుడు ఆమె టేపు పెట్టి కొలిచి, టేపును చేతిలోనే ఉంచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఏం తింటున్నారు బాబాయ్ గారూ?"

"బిస్కెట్లున్నాయిగా."

మధ్యాహ్నమైంది. ఆమె తన క్యారేజీ ముందుకు లాక్కుని, మూత మీద కణుపులతో రెండుసార్లు తట్టింది.

ముసలాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ముందు ఆమె చేతిని చూశాడు, తర్వాత ఆమె వెనక ఉన్న మెట్ల కింది చీకట్లోకి చూశాడు.

"ఎవరు నేర్పారు నీకు అలా తట్టడం?"

"ఎవరూ నేర్పలేదు."

"మా ఆవిడ, మూతకు పురుగేదైనా పట్టుకుని ఉంటే పోతుందని తట్టేది. పెళ్లైనప్పటి నుంచీ వింటున్నాను." గొంతు తగ్గించాడు. "నీ దగ్గరికొచ్చేసిందా?"

ఆమె క్యారేజీ ఆయన ముందుకు జరిపింది. ఆయన కళ్లు మూసుకుని తిన్నాడు, అడుగంటా. తిన్నాక కూడా చాలాసేపు కళ్లు తెరవలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక గరిటె ఎక్కువ పడింది. పిండి కొద్దీ రొట్టె అని గొణిగిన అత్తగారే, కొన్నాళ్లకు, "ఆయన గిన్నె ముందు నింపవే, చల్లారిపోతుంది" అనడం మొదలుపెట్టింది. టైలరమ్మకు మాత్రం ఆ గిన్నె పట్టుకుని వీధిలో నడుస్తుంటే, మోస్తున్నది తానేనా అని అనుమానం వచ్చేది. ముసలాయన మాటలు కూడా ఆమెతో కావు. "ఉప్పు సరిపోయిందిలే", "ఇవాళ కాస్త ఆలస్యం చేశావు" అనేవాడు, ఆమె భుజం పక్కకు చూస్తూ.

డబ్బాలు ఒక్కొక్కటే అడుగంటాయి. శనగలు ముందు, ఆ తర్వాత టమాటాలు. చివరి నిమ్మకాయ కూడా అయిపోయిన రోజున ఆమె జాడీ కడిగి ఎండబెట్టింది. అన్నీ తానే కొని, తానే వేయించి, ఆవిడ చేసినట్టే పొడి కొట్టింది. ఆవిడ చేసినట్టే గరిటెతో కొలిచి వండింది. తేడా ఏమీ లేదనుకుంది.

ముసలాయన ఒక ముద్ద తిన్నాడు. గిన్నె కింద పెట్టాడు. వారాల తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"ఇవాళ నువ్వు వండావు."

"బాగాలేదా బాబాయ్ గారూ?"

"బాగుందమ్మా. చాలా బాగుంది. ఇక తేవద్దు. నీకూ ఒక సంసారం ఉంది. నేనే నేర్చుకుంటాను."

"నేనొచ్చి చూపిస్తాను."

"అక్కర్లేదు. చూపించే మనిషి ఉందిలే" అన్నాడు ఆయన.

దారిలో ఆమె కాళ్లు తేలికయ్యాయి. ఇంటికొచ్చి, మిగిలిన కూర మూత తీయగానే అమ్మ వాసన గుప్పుమంది. ఆమె పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చింది. అమ్మ తిరిగొచ్చినందుకా, ఆవిడ వెళ్లిపోయినందుకా, ఎవరడిగినా చెప్పలేకపోయేది. కూతురు ఆ రాత్రి పళ్లెం తోసేసి, "మునుపటి కూర కావాలి" అని మారాం చేసింది.

ఫ్యాక్టరీలో షిఫ్టులు మళ్లీ పెరగలేదు. కానీ ఇల్లు గడిచింది. ఖాళీ డబ్బాలన్నీ ఆమె మళ్లీ నింపుకుంది.

వేసవి మొదలయ్యాక ఒక సాయంత్రం మార్కెట్టులో ముసలాయన కనబడ్డాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు గానీ, బుగ్గలకు కాస్త కండ పట్టింది. వంకాయల గుట్ట ముందు వంగి, ఒకటి తీసి, పక్కనున్న ఖాళీలోకి చూపించాడు.

"ఇది ముదురంటావా?"

కాసేపు ఆగాడు. "సరే, నీ మాటే కానీ" అని దాన్ని వెనక్కి పెట్టి ఇంకోటి తీశాడు. అమ్మే మనిషి నవ్వలేదు, తొందరపెట్టలేదు. తక్కెడ పట్టుకుని, ఇద్దరు తేల్చుకునేదాకా ఆగినట్టు ఆగాడు.

వెనక జనం తోసుకుంటున్నారు. టైలరమ్మ కూడా ఆ గుట్ట కోసమే వచ్చింది. ఆయన పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగానే ఉంది. ఆమె అందులోకి వెళ్లలేదు. వెనకవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి, వాళ్లది కానివ్వండి" అంది.