బోరు పాయింటు మీద మా అత్త

మా ఊరి ఆడవాళ్ళు బోరు బండిని వెనక్కి పంపారని ఆ రోజుల్లో మేడ్చల్ దాకా చెప్పుకున్నారు. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరైనా ఆ మాటెత్తి మెచ్చుకోబోతే, నేను పని గుర్తొచ్చినట్టు అక్కడి నుంచి లేచిపోతాను. వాళ్ళు మెచ్చుకునేకొద్దీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

రెండు వేల సంవత్సరం దాటాక వానలు వరసగా ముఖం చాటేశాయి. మాది రావల్కోల్ పక్క ఊరు. బావులన్నీ అడుగంటి, ఊరు మొత్తానికి పంచాయతీ బోరు ఒక్కటే దిక్కయింది. దానికి కంచె అవతల, అంతకు ముందటి ఏడు దాకా జొన్న పండిన చేనులో రంగు రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. ఆ ప్లాట్ల ఆసామి మా బోరును ఆనుకునే వెయ్యడుగుల బోరు వేయిస్తున్నాడని తెలిసింది. అది పడితే మా బోరు గాలి కక్కుతుంది. ఆ మాట చెప్పడానికి ఇంజనీరు రానక్కర్లేదు. మండలాఫీసులో అర్జీ పెట్టుకుంటే, పట్టా భూమి, మేమేం చేస్తామన్నారు.

ఇక మేమే వెళ్ళి అడ్డం కూర్చోవాలనుకున్నాం. మేమంటే పొదుపు సంఘం ఆడవాళ్ళం. తిట్టొద్దు, రాయి ముట్టొద్దు, పోలీసులొచ్చి రెక్క పట్టుకు లేపినా ఎదురు చెయ్యెత్తొద్దని ఒట్టు పెట్టుకున్నాం. సంఘంలో పదో తరగతి పాసైనదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పెత్తనమంతా నాదే. ముత్తయిదువ వచ్చి పసుపు కుంకుమ వేయనిదే ఏ బోరు బండీ పని మొదలుపెట్టదు. మా ఊరి నుంచి ఒక్కరూ ఆ పూజకు వెళ్ళకూడదని కూడా నేనే తీర్మానం చేయించాను.

ఆ పొద్దున ప్లాట్లలో, నీళ్ళు చూసేవాడు సున్నంతో గీసిన గుర్తు చుట్టూ వరసలు కట్టి కూర్చుంటున్నాం. మా అత్త కూడా వచ్చింది. మామ పోయినప్పటి నుంచి ఆమె శుభకార్యాలకు దూరంగానే ఉండేది. అలాంటిది ఆ రోజు ఎవరూ పిలవకుండానే వచ్చి సరాసరి ముందు వరసలో చతికిలబడింది. అవతల ముగ్గురు నలుగురు నా వంక చూశారు.

నేను దగ్గరికి వెళ్ళి, "అత్తమ్మా, జర ఎనకకు కూసో. ఇది పూజ జేసే జాగ గదా" అన్నాను.

"గట్లనే బిడ్డా" అని లేచి, వెళ్ళి కంచె పక్కన కూర్చుంది.

చూడండి నా తెలివి! పూజ జరగకూడదని వచ్చినదాన్ని, ఆ పూజకు అంటు తగలకూడదని అత్తను లేపాను.

తమిళం వాళ్ళ బోరు బండి వచ్చి ఆగింది. వెనకాలే కారు. ప్లాట్ల ఆసామి మాతో ఒక్క మాట కూడా పెట్టుకోలేదు. తూంకుంట వైపు కొత్త కాలనీలో ఉంటారట, భార్యను వెంటబెట్టుకొచ్చాడు. కోస్తా ఆవిడ, మెత్తని మనిషి. పళ్ళెంలో కుంకుమ భరిణె, పసుపు, రవిక గుడ్డలు పెట్టుకుని నేరుగా నా ముందుకే వచ్చి నిలబడింది.

"మీతో నాకేం గొడవ లేదండీ. ఆడవాళ్ళం, మొదటిసారి కలుసుకున్నాం. బొట్టు పెట్టించుకోండమ్మా, చాలు."

తిడితే ఏం చెయ్యాలో మాకు తెలుసు. పోలీసులొస్తే ఏం చెయ్యాలో తెలుసు. బొట్టు పెడతానంటే ఏం చెయ్యాలో మేం అనుకోనేలేదు. కుంకుమ కాదనడమంటే మొగుడి ఆయుష్షు కాదనడమే. ఎదుటి మనిషి నిలబడి బొట్టు పెడుతుంటే మట్టిలో కూర్చుని పెట్టించుకోవడమూ మా ఇళ్ళలో లేదు. నేను లేచాను. నుదురు చూపించాను. కొంగు పట్టి రవిక గుడ్డ కూడా తీసుకున్నాను. నన్ను చూసి నా పక్కనామె, ఆమెను చూసి ఆ పక్కనామె లేచారు. ఆవిడ నవ్వుతూ ఒక్కొక్కరికీ పెట్టుకుంటూ పోతుంటే మేం కొంగులు పట్టుకుని ఆమె చుట్టూ జరిగాం. సున్నం గుర్తు ఖాళీ అయింది. బండి రివర్సులో ఆ గుర్తు వైపు రావడం మొదలైంది.

అప్పుడు కంచె దగ్గర నుంచి మా అత్త నడిచొచ్చింది. వచ్చి ఆ సున్నం గుర్తు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆవిడ పళ్ళెంతో అటు తిరిగింది. అత్త బోసి నుదురు చూసింది. చెయ్యి భరిణె దాకా వెళ్ళి ఆగిపోయింది. అత్తకు ఇవ్వడానికి ఆ పళ్ళెంలో ఏమీ లేదు.

"బొట్టు వెట్టి నన్నెవరూ లేపరు తల్లీ. నువ్వు పరేషాన్ గాకు" అంది అత్త.

బండి మేస్త్రీ దిగి వచ్చాడు. పాయింటు మీద ఎవరు కూర్చున్నారో చూసి రెండు చేతులూ జోడించి, ఈ చోట రాడ్డు దించనని ఆసామికి చెప్పేశాడు. ఆసామి అరిచాడు, బతిమాలాడు. బండి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళు ఊరికి ఆ చివర ఎక్కడో బోరు వేసుకున్నారు. మా బోరు బతికింది.

మా వాళ్ళ సంబరం చెప్పనలవి కాదు. ఎవరికీ ఎవరి ముఖమూ సరిగ్గా చూడబుద్ధి కాలేదు గానీ, సంబరం మాత్రం చేసుకున్నాం. సాయంత్రం పంచాయతీ బోరుకు పసుపు రాసి కొబ్బరికాయ కొడదామన్నారు. ఆ పిలుపు కూడా ఇంటింటికీ బొట్టు పెట్టే పిలిచారు. మా ఇంట్లో నాకు పెట్టారు.

నాకు సిగ్గేసింది. అత్త పొయ్యి ముందు కూర్చుని రాత్రికి జొన్న గటక కలుపుతోంది.

"అత్తమ్మా, నువ్వే ముంగట నడువాలె. కాయ నువ్వే కొట్టాలె. దా, జల్దీ" అన్నాను.

"వద్దు బిడ్డా."

"నన్ను మాఫ్ జెయ్యి. పొద్దుగాల ఎనకకు కూసోమన్న."

"నువ్వు మంచే జెప్పినవ్. నేను గూసుంటే గా బోరు పడకపాయె, జూసినవా? ఇగ మన బోరు కాడికి గూడ నన్ను రమ్మంటవా? దాని నీళ్ళు పోతే ఊరేం తాగుతది?"

నన్ను దెప్పడానికి అందేమోనని ముఖంలోకి చూశాను. కాదు. ఆమె నిజంగానే భయపడుతోంది.