ఫ్రిజ్ తలుపులో సగం సీసా

మా అమ్మాయి పిల్లల డాక్టరు. ఆ చదువు పూర్తయ్యాక కూడా, బహ్రెయిన్‌లో మరో రెండేళ్లు పిల్లల అంటురోగాల మీద ఫెలోషిప్ చేస్తానంది. "ఇంకా ఎంత చదువుతావే?" అన్నాను. "నువ్వు రిటైరయ్యాక కూడా పొద్దున్నే నాలుగు పేపర్లు చదవడం లేదూ?" అంది. మనవణ్ణి చూసుకునే వంకతో నేనూ బహ్రెయిన్ వచ్చి, గుదైబియా అనే పేటలో వాళ్ల ఫ్లాట్‌లో దిగాను.

ఆ ఫెలోషిప్‌లో ఏం నేర్పుతారో నాకు అర్థమైనంత చెబుతాను. మిగతా డాక్టర్లు మందులు రాస్తారు, వీళ్లు కొట్టేస్తారు. వార్డులో ఏ బిడ్డకో జ్వరమొస్తే ఎవరో రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెడతారు. మా అమ్మాయి వెళ్లి ఇదెందుకు, అదెన్నాళ్లు, రక్తపరీక్షలో ఏం తేలింది అని అడిగి ఒకటి మాన్పిస్తుంది. ముప్పయ్యేళ్లు పత్రిక డెస్కులో కూర్చుని విలేకరుల వార్తల్లో అక్కర్లేని పేరాలు కొట్టేసిన నాకు ఆ ఉద్యోగం చప్పున బోధపడింది. అది చేసేవాళ్ల మీద తోటివాళ్లకు ఎంత ప్రేమ ఉంటుందో కూడా తెలుసు.

రెండో ఏడు ఆమె ఒక ప్రాజెక్టు చేయాలి. పిల్లల యాంటీబయాటిక్ సిరప్ చాలావరకు పొడిగా వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, చెప్పినన్ని రోజులు పట్టి, మిగిలింది పారేయాలి. మనవాళ్లు జ్వరం తగ్గగానే ఆపేసి, మిగతా సగం సీసా ఫ్రిజ్ తలుపులో దాస్తారు. అలా ఎందుకు దాస్తున్నారో ఆ ఇళ్లవాళ్ల నోటితోనే చెప్పించి రాయాలి.

నెల రోజులు తిరిగింది. ఏ ఇంట్లోనూ సీసా లేదు. అందరూ బుద్ధిమంతులే.

"శుక్రవారం మన బిల్డింగులోని తెలుగువాళ్లని మనింటికే పిలుస్తున్నా నాన్నా. మా సీనియర్ కూడా వస్తారు, నేను తల్లిదండ్రులతో ఎలా మాట్లాడతానో చూడటానికి. ఇది కూడా కుదరకపోతే ప్రాజెక్టు మార్చుకోవాలి. అంటే ఇంకో ఆర్నెల్లు."

"నువ్వడిగే తీరు పోలీసుల్లా ఉంది," అన్నాను. "విలేకరిలా అడగాలి. పక్క దారిలోంచి."

ఇంత సలహా ఇచ్చినవాణ్ణి ఒక సంగతి మాత్రం చెప్పలేదు. చలికాలంలో మనవడికి చెవి నొప్పి వచ్చి తగ్గాక, మిగిలిన సిరప్ పారేయమని నా చేతికే ఇచ్చింది. పాత పేపరు కూడా పారేయలేనివాణ్ణి, గోంగూర పచ్చడి సీసా వెనక పెట్టాను. వారం తిరక్కుండా పైఅంతస్తు ఆవిడ వచ్చింది. అమలాపురం వైపు మనిషి. "బాబాయ్‌గారండీ, పాపకి ఒళ్లు వెచ్చబడిందండి, డాక్టరమ్మగారు లేరా?" అంది. డాక్టరమ్మగారు డ్యూటీలో ఉంది. నేనున్నాను. సీసా ఉంది. మూడో రోజు నుంచి మెట్ల మీద ఎదురైనవాళ్లు నాకు కాస్త వంగి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. నేనూ వద్దనలేదు.

శుక్రవారం భోజనాలయ్యాక ఏడెనిమిది కుటుంబాలు మా హాల్లో చేరాయి. సీనియర్ ఈ దేశం ఆవిడే, నిదానంగా మాట్లాడే పెద్ద డాక్టరు, మా అమ్మాయి మధ్యమధ్య ఇంగ్లిష్‌లో చెబుతుంటే వింటూ ఓ మూల కూర్చుని టీ తాగుతోంది. మిగిలిన సిరప్ ఎవరింట్లోనైనా ఉందా అని మా అమ్మాయి అడిగింది. ముందుగా జగిత్యాల టైలరు లేచాడు.

"మా ఇంట్ల గసొంటియేం లెవ్వు డాక్టరమ్మా. గల్ఫుకొచ్చినసంది పిల్లలకు తుమ్మొచ్చినా దవఖానకే తీస్కపోతున్నం."

పక్కన ఆయన భార్య చాప అంచు పీకుతూ కూర్చుంది. మిగతావాళ్లంతా తలలూపారు. మా అమ్మాయి చేతిలో కాగితం ఖాళీగానే ఉంది.

అప్పుడు వచ్చింది పైఅంతస్తు ఆవిడ, చంకలో పాపతో, చేతిలో సీసాతో.

"నా దగ్గరుందండి, ఆయ్. దాచుకోడానికేముంది, డాక్టరుగారింటి మందే కదండీ!"

సీనియర్ సీసా అందుకుని లేబుల్ చదివి మా అమ్మాయికిచ్చింది. దాని మీద మా మనవడి పేరుంది.

"నాన్నా," అంది మా అమ్మాయి.

"బాబాయ్‌గారే ఇచ్చారండి. రోజుకి మూడు చెంచాలన్నారు. రెండ్రోజులకే తగ్గిపోయింది. మంచి హస్తవాసండి!"

"అది మామూలు జలుబు జ్వరమమ్మా," అంది మా అమ్మాయి. "ఏమీ పట్టకపోయినా రెండ్రోజులకి తగ్గేది."

హాలంతా నవ్వింది. టైలరు భార్య చాప వదిలేసింది. "డాక్టరమ్మ ఇంట్లకెళ్లే సీసా వచ్చినంక మా ఇంట్ల ఉంటే తప్పేంది? మాయి మూడున్నయ్. ఈయన అబద్ధమాడుతుండు."

"ఏయ్, ఊకోవే!"

"ఎందుకూకోవాలె? తెస్త ఉండు."

ఆమె లేవడంతో అందరూ లేచారు. పావుగంటలో మా బల్ల మీద మందుల షాపు వెలిసింది. ఎందుకు దాచారో ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెప్పారు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మా ఆయనకు సెలవివ్వరు, పిల్ల చేదు మందు కక్కేస్తుంది, ఖరీదైనది పారేయబుద్ధి కాదు. మా అమ్మాయి రాస్తూనే ఉంది. సీనియర్ వెళ్తూ ఆమె భుజం తట్టి, "ఖలాస్, ఇక పనైపోయినట్టే, నీ ప్రాజెక్టు దొరికింది," అంది. మీ నాన్నగారిని కూడా అందులో రాయమని ఇంగ్లిష్‌లో చెప్పి, నాకేసి తల వంచి నమస్కరించింది. మెట్ల మీది నమస్కారం లాంటిది కాదది.

అందరూ వెళ్లాక నేను నవ్వుతూ వంటింట్లోకి వెళ్లాను. మా అమ్మాయి నవ్వడం లేదు.

"పాప బరువెంతో అడిగావా? ఆ మందు పడుతుందో లేదో అడిగావా? ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోతే ఏం చేసేవాడివి?"

ఆమె కప్పులు కడిగి అందిస్తుంటే నేను తుడిచి బోర్లించాను.

"పేపర్లో తప్పు పడితే ఏం చేసేవాళ్లు నాన్నా?"

"సవరణ వేసేవాళ్లం."

"ఎక్కడ?"

"తప్పు ఏ పేజీలో వస్తే ఆ పేజీలోనే." లోపలి పేజీ మూల చిన్న అక్షరాల్లో వేసి బయటపడ్డ రోజులు గుర్తొచ్చాయి గాని, చెప్పలేదు.

"అయితే వెళ్లు."

పైఅంతస్తుకు ఎక్కాను. తలుపు తీస్తూనే ఆవిడ, "సమయానికొచ్చారు బాబాయ్‌గారూ! పాపకి మళ్లీ ముక్కు కారుతోందండి," అంది.

"నేను డాక్టర్ని కాదమ్మా. ఆ రోజు ఏమీ తెలియకుండా మందిచ్చాను. తప్పు చేశాను. పాపకు ఏమైనా అయ్యుండేది."

ఆవిడ పాపను కాస్త దగ్గరికి లాక్కుని నన్ను చూసింది. ఆ చూపు నాకు రావలసిందే.

"మరి ఇప్పుడెవర్నడగాలండి?"

"కింద మా అమ్మాయి ఉంది కదా."

"ఆవిడ మందివ్వరు కదండీ!"

"ఇవ్వదు," అన్నాను. "రెండేళ్లుగా నేర్చుకుంటున్నది అదే."

ఆవిడ పాప ముక్కు తుడిచి, ఎత్తుకుని, నాకంటే ముందే మెట్లు దిగింది.